1,946 మందికి జమానతు ఉన్న బూట్లాయన

ప్రొబేషన్ అనే మాట మన పోరగాండ్లందరికీ ఎరుకే. గ్రూప్స్ కొట్టినోళ్లు, కానిస్టేబుల్ కొల్వు వచ్చినోళ్లు ఇంకా ప్రొబేషన్ల ఉన్నమన్నా అంటుంటరు. కొల్వు పక్కా అయ్యేదాక నడిచే పరీక్ష కాలం అన్నట్టు. అయితే గీ మాటకు ఇంకో అర్థం ఉన్నది. అది కోర్టు మెట్ల కాడ, జైలు దర్వాజ కాడ వినపడే అర్థం. తప్పు చేసిన మనిషిని జైలుకు తోలకుంట, ఇంటి కాడనే ఉంచి, ఒక ఆఫీసరు కనిపెట్టుకుంట, మంచిగ మెలుగుతున్నడా లేదా అని కొన్ని దినాలు చూసుడు. మెలిగితే కేసు అక్కడితోని సరి. లేకుంటే మళ్ల కోర్టుకు.

ఈ పద్ధతిని పుట్టిచ్చింది సర్కారు కాదు, జడ్జీలు కాదు, పెద్ద సదువుల వకీళ్లు కాదు. బూట్లు కుట్టిచ్చి అమ్ముకునే ఒకాయన. పేరు జాన్ అగస్టస్. ఊరు అమెరికాల బోస్టన్. ఆయన పోయి నూటా అరవై ఏండ్లు దాటింది. ఇయ్యాల ఆయన ముచ్చట ఎందుకు ఎత్తుకున్ననంటే, ప్రొబేషన్ ఆఫీసర్లు ఏ దేశంల జూసినా ఒక్కటే మొర పెడుతున్నరు: పని జూస్తే కొండంత, మనుషులు జూస్తే పిడికెడు. ఆ మొరకు సగం జవాబు గీ బూట్లాయన బతుకుల ఉన్నది. మిగిలిన సగం ఆయన సావుల ఉన్నది.

అగస్టస్ 1785ల మసాచుసెట్స్ రాష్ట్రంల పుట్టిండు. వయసుకొచ్చినంక లెక్సింగ్టన్ అనే ఊర్లె బూట్ల పని పెట్టుకున్నడు. 1775ల ఇంగ్లండు మీద అమెరికా లడాయి మొదలైంది ఆ ఊర్లెనే. తర్వాత బోస్టన్ పట్నం వచ్చి కోర్టుకు దగ్గెరలనే దుకాణం నడిపిండు. మన దిక్కు చెప్పుల పని అనంగనే ముందుగాల కులం యాదికొస్తది, ఆ పని చేసేటోళ్లను ఊరి బయట ఉంచిన పాపం యాదికొస్తది. అక్కడ అది కులంతోని ముడిపడ్డ పని కాదు, ఎవలైనా నేర్సుకునే చేతి విద్య. అయినా పెద్ద పెద్ద సేట్లల్ల, కోర్టు బాబులల్ల ఆయన లెక్కకొచ్చే మనిషైతే కాదు. సట్టం సదువుకోలే. ఏ పదవీ లేదు.

ఆ దినాలల్ల బోస్టన్ల తాగుడు ఓ పెద్ద రోగం. తాగి రోడ్డు మీద పడిపోయినోన్ని పోలీసులు పట్టుకచ్చి కోర్టుల నిలబెడుతుండ్రి. జుర్మానా కట్టనీకి పైసలుంటే ఇంటికి, లేకుంటే జైలుకు. జైలుకెళ్లి బయటకొచ్చినోడు మళ్ల తాగుతుండె, మళ్ల అదే బల్ల మీద కూసుంటుండె. అప్పుడే తాగుడు మానిపిచ్చే సంఘం ఒకటి లేసింది. దాని పేరు వాషింగ్టన్ సంఘం. 1840ల బాల్టిమోర్ పట్నంల కొందరు తాగుబోతులే కలిసి, మనల్ని మనమే బాగుచేసుకుందమని ఒట్టేసుకుని పెట్టుకున్నది. బోస్టన్లకు ఆ గాలి వచ్చినంక అగస్టస్ అందుల చేరిండు. తాగినోన్ని తిడితే మారడు, పక్కన నిలబడితే మారుతడు అన్నది ఆ సంఘం నమ్మిక.

1841 ఆగస్టు నెల. ఒకనాడు పొద్దుగాల అగస్టస్ పోలీసు కోర్టుల కూసున్నడు. లాకప్పు తలుపు తెరిసి ఒక మనిషిని తెచ్చిండ్రు. బట్టలు చినిగినయ్, మొఖంల జీవం లేదు. ఎప్పటికీ తాగుడే అన్నది కేసు. రుజువైంది గూడ. శిక్ష పడే ముందు అగస్టస్ లేసి ఆ మనిషి కాడికి పోయి రెండు ముచ్చట్లు మాట్లాడిండు. జైలు తప్పిస్తే ఇగ జన్మల సుక్క ముట్టనని ఆ మనిషి మాటిచ్చిండు. అగస్టస్ జడ్జిని అడిగి ఆయనకు జమానతు ఉన్నడు. మూడు వారాలు గడువు దొరికింది.

ఆ మూడు వారాలల్ల ఏమైందో అర్థం చేసుకోవాలె. జమానతు కాయిదం మీద దస్కత్ పెట్టి ఎవలి దారిన వాళ్లు పోలే. తాగనని ఆ మనిషితోని ప్రమాణ పత్రం మీద సంతకం పెట్టిచ్చిండు. దాని మీద నిలబడేటట్టు చూసిండు. మూడు వారాలకు ఇద్దరు కలిసి మళ్ల కోర్టుకొచ్చిండ్రు. ఆ వచ్చింది పాత మనిషే అని కోర్టోళ్లు గుర్తుపట్టలేకపోయిండ్రు. జడ్జి ఒక్క సెంటు జుర్మానా వేసిండు. కోర్టు ఖర్చులు కలుపుకుని మొత్తం మూడు డాలర్ల 76 సెంట్లు అయినయ్. అవి కట్టి ఆ మనిషి తన కాళ్ల మీద తాను బయటకు నడిసిండు.

అప్పటికి అగస్టస్‌కు యాభై ఆరేండ్లు. మనుమలను ఆడిచ్చుకునే వయసు. ఒక్కన్ని కాపాడినా, చాలు అనుకుని ఊకుండచ్చు. ఊకోలే. మల్లోన్ని పట్టుకున్నడు. ఆ వెనుక ఇంకొకన్ని. ముందుగాల తాగుబోతు మొగోళ్లు, తర్వాత ఆడోళ్లు, 1843 నుంచి పిల్లలు. చిన్న చిన్న దొంగతనాల కేసులల్ల ఎనిమిదేండ్ల పిల్ల, పదేండ్ల పిల్ల, పదకొండేండ్ల పిలగాడు గూడ ఆ కోర్టుల నిలబడ్డరు. ఆ ముగ్గురికీ ఆయనే జమానతు.

ఇప్పుడు ఆయన పని పద్ధతి జూడుండ్రి. ఎందుకంటే ఇయ్యాల ప్రపంచమంత వాడుతున్న పద్ధతి దాంట్ల నుంచే వచ్చింది.

మొదటిది, ఎవల్ని పడితే వాళ్లను తీసుకోకపోతుండె. ఆ మనిషి ఇదివరకు ఎట్ల బతికిండు, వయసెంత, బయటకొస్తే ఎసొంటి మనుషుల నడుమ ఉంటడు, ఇవన్ని ఆరా తీసినంకనే జమానతు ఉంటుండె. మొదటిసారి తప్పు చేసినోళ్ల మీద ఎక్కువ ధ్యాస పెడుతుండె. రెండోది, తీసుకున్నోళ్లకు పని చూపిస్తుండె, ఉండనీకి జాగ చూపిస్తుండె. జాగ దొరకకుంటే తన ఇంట్లనే పెట్టుకుంటుండె. మూడోది, లెక్క. ప్రతి కేసుకు రిజిస్టర్ల రాసి పెట్టుకుంటుండె. గడువు దినం కోర్టుకు పోయి ఈ మనిషి ఇట్లున్నడు, ఆ మనిషి అట్లున్నడు అని రిపోర్టు చెప్తుండె. ఆరా, సాయం, రిపోర్టు. ఇప్పుడు ఏ దేశంల ప్రొబేషన్ ఆఫీసరైనా చేసే డ్యూటీ ఈ మూడే.

1847ల ఏడేండ్ల నుంచి పదిహేనేండ్ల నడుమ ఉన్న పంతొమ్మిది మంది పిలగాండ్లను తీసుకున్నడు. వాళ్ల కేసులను జడ్జి ఒకేసారి కొట్టేయలే, శిక్ష గూడ వేయలే. నెల నెల వాయిదా వేసుకుంట పోయిండు. ప్రతి వాయిదాకు అగస్టస్ కోర్టుకు పోయి పిల్లల సంగతి చెప్పిండు. ఐదారు నెలలు ఇట్లనే నడిసింది. ఆఖరుకు పన్నెండు మందిని ఒకేనాడు కోర్టుల నిలబెట్టిండ్రు. పిల్లలను జూసి జడ్జి సంతోషపడ్డడు, ఆశ్చర్యపోయిండు గూడ. సట్టం ఉన్నది దేనికో ఆ పని అయిపోయిందన్నడు. ఒక్కొక్కలకు పది సెంట్లు జుర్మానా వేసిండు. ఆ పది సెంట్లు గూడ కట్టలేని పేద పిల్లలు అందుల ఏడుగురు. వాళ్ల పైసలు అగస్టసే కట్టిండు.

ఇంత మంచి పనికి అడ్డమెవలు ఉంటరు అనుకుంటం. ఉన్నరు. కోర్టు సిబ్బందిల కొందరే. అప్పటి లెక్క ప్రకారం ఒక మనిషిని జైలుకు తోలితే ఆఫీసరుకు 62 నుంచి 75 సెంట్ల దాక ముడుతుండె. అగస్టస్ ఒకన్ని విడిపిస్తే ఆ పైసలు పోయినట్టే. గందుకే ఆయనంటే వాళ్లకు మంట. కొన్ని పత్రికలోళ్లు, పట్నం పెద్దలు గూడ నేరం చేసినోళ్లను ఎనకేసుకొస్తున్నడని ఆడిపోసుకున్నరు. మనిషి జైలుకు పోతే ఎవలికో ఆమ్దానీ ఉన్నన్ని దినాలు, మనిషిని బాగుచేసే పనికి బలం రాదు. ఈ ముక్క ఆ కాలానికే కాదు, ఈ కాలానికీ వర్తిస్తది.

ఇగ అసలు సంగతికొద్దాం. 1858 నాటికి అగస్టస్ జమానతు ఉన్నోళ్ల లెక్క 1,946. అందుల మొగోళ్లు, పిలగాండ్లు కలిపి 1,152 మంది, ఆడోళ్లు, ఆడపిల్లలు 794 మంది. పదిహేడేండ్లకు పంచితే ఏడాదికి సుమారు 115 మంది, నెలకు తొమ్మిది పది మంది కొత్తోళ్లు. జీతం ఒక్క పైసా లేదు. ఆఫీసు లేదు, క్లర్కు లేదు. ముందుగాల తన దుకాణం ఆమ్దానీనే పెట్టిండు. మనిషి దినమంత కోర్టుల, జైలుల, ఇండ్ల పొంటి తిరుగుతుంటే దుకాణం ఎవలు జూస్తరు? దుకాణం ఎనకబడ్డది. తర్వాత దాతలు ఇచ్చిన చందాలతోని బండి నడిసింది. ఆ చందాలు గూడ ఆయన జేబులకు పోలే, జుర్మానాలకు, కిరాయిలకు, తిండికి పోయినయ్. 1852ల తన పని లెక్కంత ఒక పుస్తకం లెక్క అచ్చేసిండు. 1859 జూన్ 21 నాడు కన్నుమూసిండు. అప్పటికి చేతిల మిగిలింది పెద్దగ ఏమీ లేదు.

గీ బతుకుల నుంచి జనం ఎక్కువగ తీసుకునే నీతి ఒకటున్నది. మంచి మనసుంటే ఒక్క మనిషి గూడ వ్యవస్థను మార్చగలడు అని. దండలేసి, ఫొటో పెట్టి, చప్పట్లు కొట్టి పోతరు. నేను దాంతోని సగమే ఒప్పుకుంట. రెండో సగం ఎవలూ చెప్పరు. ఆయన పోయిన తెల్లారి ఆ కోర్టుల జమానతు ఉండే బాధ్యత ఎవలిది? ఏ సట్టంల రాసి లేదు. కొందరు మంచోళ్లు, జైలు పాదిరి రూఫస్ కుక్ అసొంటోళ్లు, తమ ఇష్టంతోని ఆ పని ముందటికి నడిపిచ్చిండ్రు. జీతమిచ్చి ఒక ప్రొబేషన్ ఆఫీసరును పెట్టుకోవచ్చని మసాచుసెట్స్ సర్కారు సట్టం చేసింది 1878ల. అగస్టస్ పోయి పంతొమ్మిదేండ్లకు. మొదటి ఆఫీసరుగ ఇంతకుముందు పోలీసు పెద్దగ చేసిన ఎడ్వర్డ్ సావేజ్‌ను పెట్టిండ్రు. అది గూడ ఒక్క బోస్టన్ పట్నానికే. ఒక్క మనిషి మంచితనం మీద నిలబడ్డ పని, ఆ మనిషి మోకాళ్లు నొచ్చినా ఆగుతది, ఊపిరి ఆగినా ఆగుతది.

సట్టం వచ్చినంక కతంత సుకాంతమైందా అంటే, కాలే. అమెరికా కేంద్ర సర్కారు కోర్టులకు ప్రొబేషన్ సట్టం 1925ల వచ్చింది. 1927 నుంచి 1930 దాక ఆ కోర్టులకు జీతంతోని పెట్టుకున్నది దేశమంతట ఎనిమిది మంది ఆఫీసర్లనే. అంత పెద్ద దేశానికి ఎనిమిది మంది! సట్టం చేసుడు అల్కగ ఉంటది, దాన్ని నడిపే మనిషికి జీతమిచ్చుడే బరువు.

ఇంగ్లండు సంగతి జూడుండ్రి. అక్కడ గూడ ఈ పనికి పునాది తాగుడు మాన్పిచ్చే సంఘమే. 1876ల ఫ్రెడరిక్ రైనర్ అనే ప్రింటింగ్ పనాయన ఐదు షిల్లింగులు పంపి, కోర్టుల కాడ తాగుబోతులను ఆదుకునేటోళ్లను పెట్టమన్నడు. 1907ల అది సర్కారు సట్టమైంది. వందేండ్లకు పైగ అనుభవమున్న ఆ దేశమే 2014ల ప్రొబేషన్ శాఖను రెండు ముక్కలు చేసింది. పెద్ద ప్రమాదమున్న కేసులు సర్కారు కాడ పెట్టుకుని, మిగిలినయ్ 21 కంపెనీలకు కాంట్రాక్టు ఇచ్చింది. ఏమైంది? తనిఖీ అధికారులు పోయి జూస్తే, కొన్ని జాగలల్ల ఒక్కో ఆఫీసరు నెత్తి మీద రెండు వందలకు పైగ కేసులు. మనిషిని ఎదురుంగ కూసోబెట్టుకుని మాట్లాడుడు పోయి, వారాలకోపారి ఫోన్ చేసి బాగున్నవా అని అడుగుడు మిగిలింది. ఆఖరుకు 2021 జూన్‌ల మొత్తం మళ్ల సర్కారే తీసుకోవలసొచ్చింది. పనైతే ఎనకకొచ్చింది గని, అనుభవమున్నోళ్లు వెళ్లిపోయిన ఖాళీలు అంత జల్ది నిండలే.

అగస్టస్‌తోని పోల్చి చూస్తే తేడా ఎక్కడున్నదో తెలుస్తది. ఆయనకున్న మందు ఒక్కటే, టైము. తాగుబోతు పక్కన కూసుండే టైము, పిలగాని ఇంటికి పోయి అమ్మతోని మాట్లాడే టైము, వాయిదా నాడు కోర్టుల నిలబడే టైము. దాన్ని కాపాడుకోనీకే ఆయన మనుషులను ఎంచి తీసుకున్నడు. మోయగలిగినంతనే ఎత్తుకున్నడు. సర్కారు ఆఫీసరుకు ఆ వెసులుబాటు లేదు. కోర్టు పంపిన ప్రతి మనిషినీ తీసుకోవలె. గందుకే ఆయన చేసినట్టు మీరు గూడ త్యాగం చేయుండ్రి అని ఆఫీసర్లకు నీతి చెప్పుడు తప్పు. ఒక్కొక్కల మీద ఎన్ని కేసులు ఉండాలెనో హద్దు గీసే పని సర్కారుది. ఏ కేసుకు వారం వారం చూడాలె, ఏ కేసుకు నెలకోపారి చాలు అని వేరుచేసి పంచాలె. క్లర్కు పని క్లర్కుకే ఇవ్వాలె. పోస్టు ఖాళీ అయిన దినం నుంచే భర్తీ పని మొదలుపెట్టాలె. ఇవేవీ చేయకుంట సచ్ఛంద సంస్థలు చూసుకుంటయ్ అంటే, మళ్ల 1841కి పోయినట్టే.

మనకు దీంతోని ఏం సంబంధం అని అడగచ్చు. ఉన్నది. కోస్తా, సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంల ఉన్నప్పుడు, 1936లనే అక్కడ ప్రొబేషన్ సట్టం వచ్చింది. దేశం మొత్తానికి 1958ల వచ్చింది. ఆ సట్టం ఆరో సెక్షన్ మీలసొంటోళ్ల కోసమే రాసినట్టుంటది. ఇరవై ఒక్క ఏండ్లు నిండని పోరడు యావజ్జీవం పడేంత పెద్ద నేరం కానిదాంట్ల దోషిగ తేలితే, కోర్టు ఊకెనే జైలుకు తోలొద్దు. ముందుగాల ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టు తెప్పిచ్చుకోవాలె. అయినా జైలే అంటే ఎందుకో కారణం రాయాలె. పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలకైతే 2015 జువెనైల్ జస్టిస్ సట్టం ఇంకా గట్టిగ చెప్పింది. పిల్లను బోర్డు ముందట నిలబెట్టిన దినం నుంచి పదిహేను దినాలల్ల ఇల్లు, ఊరు, బడి, దోస్తులు అన్ని తిరిగి చూసి ఆఫీసరు రిపోర్టు ఇవ్వాలె. అంటే అగస్టస్ చేసిన ఆరానే, సట్టం రూపంల.

ఇప్పుడు ఆలోచించుండ్రి. ఆ ఆఫీసరే లేకుంటే? ఉన్నా ఆయన నెత్తి మీద ఇంకో జిల్లా గూడ పెడితే? మా దిక్కు ఒక పోరని కేసుల నేను కండ్లార చూసిన. పోరడు చేసింది తప్పే, చిన్న తప్పు. రిపోర్టు రాయవలసిన ఆఫీసరు చెడ్డోడు కాదు, మా ఊరికి రానీకి ఆయనకు దినం దొరకలే. పదిహేను దినాల పని నెలలకు పోయింది. ఆఖరుకు వచ్చిన రిపోర్టుల పోరని అవ్వ కూలికి పోతదని గూడ లేదు. ఎవల్ని తిట్టాలె? నేను తిట్టింది ఆ ఆఫీసరును కాదు, ఆయన పక్కన ఖాళీగున్న కుర్చీని.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, మీరు చేయగలిగింది రెండు పనులున్నయ్. ఒకటి, మీ ఊర్ల ఏ పోరడన్న మొదటిసారి కేసుల ఇరుక్కుంటే, ప్రొబేషన్ సంగతి వకీలుతోని తప్పకుండ అడిగిపిచ్చుండ్రి. చాలామంది అడగకనే జైలుకు పోతున్నరు. రెండు, సమాచార హక్కు కింద ఒక అర్జీ పెట్టుండ్రి. మన జిల్లాకు మంజూరైన ప్రొబేషన్ ఆఫీసరు పోస్టులు ఎన్ని, నిండినయ్ ఎన్ని, ఒక్కొక్కలు చూస్తున్న కేసులు ఎన్ని అని మూడు ప్రశ్నలు. అర్జీకి ఖర్చు పది రూపాయలు. జవాబు వస్తే పది మందికి చూపియ్యుండ్రి, ఎమ్మెల్యే ఊరికొచ్చిననాడు ఆ కాయిదం ముందల పెట్టుండ్రి.

జాన్ అగస్టస్ బూట్లు కుట్టిచ్చుకుంట పట్నం మొత్తానికి జమానతు ఉన్నడు, ఎందుకంటే ఆనాడు ఉండేటోళ్లు ఇంకెవలూ లేరు. ఇయ్యాల సట్టమున్నది, శాఖ ఉన్నది, బడ్జెటు ఉన్నది. తప్పటడుగు వేసిన మన పోరగాండ్లకు జమానతు ఉండవలసింది సర్కారు. సర్కారు దస్కత్ పెట్టేదాక అడుగుడు మన పని.